కోరినచోట ఆగే గొంతు

హైమవతి ఉద్యోగం ఫిర్యాదులు చదవడంతో మొదలైంది. విశాఖపట్నంలో రుషికొండ మీద, సముద్రం వైపు అద్దాలున్న ఒక భవనం మూడో అంతస్తులో ఆడియో పుస్తకాలు తయారుచేసే సంస్థ ఉండేది. జనం పుస్తకం మొదలుపెట్టి పది నిమిషాలు విని ఎందుకు వదిలేస్తున్నారో కనిపెట్టమని ఆమెను తీసుకున్నారు. ఆమె చదివింది ధ్వనిశాస్త్రం. మనిషి చెవి మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది.

ఫిర్యాదులు రకరకాలుగా ఉండేవి. కథ బాగుంది గానీ చదివినాయన ప్రతి వాక్యం చివర గుటక వేస్తున్నాడని ఒకరు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఆ వీణ ఎందుకని ఇంకొకరు. ఆడపాత్ర మాట్లాడినప్పుడల్లా మగాయన గొంతు సన్నం చేస్తుంటే నవ్వొచ్చి ఏడవాల్సిన చోటు పాడైపోయిందని ఒకావిడ. నత్తనడకగా చదువుతోందని ఒకరు రాస్తే, రైలు తప్పిపోతున్నట్టు చదువుతోందని మరొకరు రాశారు. ఆ చివరి రెండూ ఒకే పుస్తకం గురించి, ఒకే గొంతు గురించి.

ఆ గొంతు శేషకుమారిది. హైమవతి భర్త జగ్గారావుకు ఆమె అక్క. ముప్ఫై ఏళ్ళు రేడియోలో నాటకాలు వేసి, కథలు చదివి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. విజయనగరంలో ఉంటూ వారానికి రెండుసార్లు బస్సులో వచ్చి రికార్డింగు చేసి వెళ్ళేది. గదిలోకి వెళ్ళే ముందు గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగి, చప్పుడు కాకుండా గాజులు తీసి పక్కన పెట్టేది.

ఒకరోజు ఒక నవలలో, ఎన్నాళ్ళకో వచ్చిన ఉత్తరాన్ని ఒకామె విప్పే చోటు చదువుతోంది. 'ఉత్తరం విప్పింది' అని ఆగింది. నాలుగు సెకన్లు. అద్దం వెనక నుంచి హైమవతి లెక్కపెట్టింది. సగంమంది శ్రోతలు అక్కడ విసుక్కుంటారనీ, సంస్థ నియమం ప్రకారం ఒకటిన్నర సెకనుకు మించి ఆగకూడదనీ బయటికి వచ్చాక చెప్పింది.

"కాయితం మడత విప్పడానికి టైం పట్టదేటి?" అంది శేషకుమారి. "వినీవోడి చేతిలో కూడా ఆ ఉత్తరం ఉండాల హైమా. ఆ నాలుగు సెకన్లూ నేను ఊరికే లేను. లోపల చదువుతున్నాను."

హైమవతికి ఆ మాట నచ్చింది. కానీ ఫిర్యాదులు కూడా అబద్ధం కాదు. ఒకరికి ఎక్కువైన నాలుగు సెకన్లు ఇంకొకరికి చాలవు. ఒకే చదువు అందరికీ నచ్చే మార్గం లేదు. అలాంటప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో చదువు ఎందుకివ్వకూడదు అన్న ఆలోచన ఆమెకు అక్కడే, ఆ అద్దం ముందే పుట్టింది.

మధ్యచెవిలో బియ్యపుగింజ కన్నా చిన్న కండరం ఒకటి ఉంటుంది. పెద్ద చప్పుడు వస్తే అది బిగుసుకుని చెవిని కాస్త మూస్తుంది. ఆసక్తిగా వింటున్న మనిషిలో అది ఇంకో పని కూడా చేస్తుందని హైమవతి పరిశోధన రోజుల్లో గమనించింది. తర్వాతి మాట ఎప్పుడు రావాలని మనసు కోరుకుంటుందో, ఆ క్షణానికి కాస్త ముందు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికను పట్టుకునే ఇయర్‌ఫోను చేయడానికి రెండేళ్ళు పట్టింది. దానికి కట్టిన ప్రోగ్రాం, పుస్తకం చదివిన మనిషి గొంతునే తీసుకుని, విరామాలు పెంచుతూ తగ్గిస్తూ, ఊపిరి చప్పుడు కొందరికి తీసేసి కొందరికి ఉంచి, ఎవరి చెవి కోరినట్టు వాళ్ళకు అప్పటికప్పుడు మార్చి వినిపించేది.

దాన్ని పరీక్షించడానికి మొదట కూర్చోబెట్టిన ఆరుగురిలో పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. ఏ పుస్తకమూ అరగంటకు మించి వినలేదని ముందే చెప్పాడు. ఆ రోజు పదింటికి కూర్చున్నవాడు రెండింటి దాకా లేవలేదు. భోజనం తెచ్చిపెడితే చూడలేదు. పెదవులు కాస్త తెరుచుకుని, రెప్పలు బరువుగా వాలి, పాలు తాగుతున్న పసిపిల్లవాడిలా ఉంది ఆయన మొహం. అయిపోయాక ఎలా ఉందని అడిగితే, "ఆవిడ నాకోసమే చదువుతోందండి," అన్నాడు.

ఆ పెద్దాయన చెవికి వినిపించిన చదువును దాచి, హైమవతి మర్నాడు శేషకుమారికి వినిపించింది. మెచ్చుకుంటుందని ఆశపడింది. శేషకుమారి ఉత్తరం విప్పే చోటు దాకా విని ఇయర్‌ఫోను తీసేసింది. అక్కడ విరామమే లేదు.

"ఇది నేను కాదు," అంది. కోపంగా అనలేదు. "నా గొంతు పెట్టుకుని ఆయనే చదువుకుంటన్నాడు."

సంస్థను నడిపే పట్నాయక్ మాత్రం ఆ పరికరానికి, చెవిని అనుసరించే స్వరం కనుక, అనుస్వరం అని పేరుపెట్టాడు. పదిమందిలో ముగ్గురు పూర్తిచేసే పుస్తకాన్ని ఇప్పుడు తొమ్మిదిమంది పూర్తిచేస్తున్నారు. తర్వాత పిల్లలతో పరీక్ష చేయాలన్నాడు. నలభైమంది పిల్లలు కావాలి. తల్లిదండ్రులకు నమ్మకం కలగాలంటే తన పిల్లనే ముందు కూర్చోబెట్టాలని హైమవతికి తోచింది. కూతురు మేదినికి అప్పుడు పదకొండేళ్ళు. అత్త గొంతంటే ఆ పిల్లకు ప్రాణం. అడగ్గానే ఒప్పుకుని, ఆ రోజు నుంచే ఇయర్‌ఫోను ఇంట్లో పెట్టుకుని వినసాగింది.

జగ్గారావు మధురవాడ దగ్గర పశువైద్యశాలలో కాంపౌండరు. అతనికి పుట్టినప్పటి నుంచీ నత్తి. మాట మొదటి అక్షరం దగ్గర తలుపు గొళ్ళెం పడిపోయినట్టు ఆగిపోయేవాడు. మెడనరాలు తేలేవి, కళ్ళు మూతలు పడేవి, అప్పుడు వచ్చేది మాట. చిన్నప్పుడు కిరాణాకొట్టుకు వెళితే అతను అక్క చెయ్యి నొక్కేవాడు, ఆమె అడిగేది. బడిలో పద్యం అప్పజెప్పమంటే పై తరగతి నుంచి ఆమెను పిలిపించేవారు. తమ్ముడి మాటలు కూడా తనే మాట్లాడి మాట్లాడి తన గొంతు అంత తేరిందని శేషకుమారి నవ్వుతూ చెప్పుకునేది.

ఆవులతో, గేదెలతో మాట్లాడేటప్పుడు అతనికి నత్తి రాదు. మేదినితో కూడా చాలా తక్కువ. సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి స్నానం చేసి, అన్నం దగ్గర ఆ రోజు వచ్చిన పశువుల సంగతులు చెప్పేవాడు. గోనెసంచి మింగిన ఎద్దు, ఇంజెక్షనంటే చాలు పడుకుండిపోయే మేక, దూడ చనిపోతే కాంపౌండరు చొక్కా నాకుతూ నిలబడ్డ గేదె. మాట అడ్డుపడినప్పుడు మేదిని ముద్ద గాల్లో పట్టుకుని ఆగేది. మాట వచ్చాకే నోట్లో పెట్టుకునేది. తొందరపెట్టకూడదని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నాన్న మాట అలాగే వస్తుందని అనుకుంటూ పెరిగింది.

పరీక్ష మొదలైన నాలుగో వారంలో మేదిని ముద్ద ఆపడం మానేసింది. తండ్రి చెబుతుండగానే తినేసి, చెయ్యి కడుక్కుని వస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. రెండోరోజు, మూడోరోజు కూడా అంతే. పిల్ల పెద్దదవుతోంది, కబుర్ల మీద సరదా తగ్గుతుందని జగ్గారావు తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఆరో వారంలో స్కూలు నుంచి పిలుపు వచ్చింది. మేదిని పాఠం వినడం లేదని, టీచరు మాట్లాడుతుంటే డెస్కు మీద తల పెట్టేసుకుంటోందని, ఒకసారి వినికిడి పరీక్ష చేయించమని చెప్పారు. హైమవతి చేయించింది. చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

ఇంటికి వచ్చాక కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. మేదిని గోళ్ళు గిల్లుకుంది.

"అందరూ తప్పుగా మాట్లాడుతున్నారమ్మా," అంది చివరికి. "ఆగకూడని చోట ఆగుతారు. నేను రెడీగా ఉంటే మాట రాదు. చెవి లోపల ఏదో బిగుసుకుపోద్ది. నాన్న మాట్లాడితే... నాన్న మాట్లాడితే ఏడుపొస్తంది."

పక్కగదిలో జగ్గారావు చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

ఆ వచ్చే ఆదివారం శేషకుమారి వచ్చింది. మేదిని చదువు దెబ్బతింటోందని విని, పిల్లకు కథ చదివి వినిపిస్తే కుదుటపడుతుందని తనంతట తానే బయల్దేరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాల్కనీలో చాప వేసుకుని, మేదినిని ఒళ్ళో తల పెట్టుకోమని, పుస్తకం తెరిచింది. పిల్ల ఎన్నోసార్లు పట్టుబట్టి చదివించుకున్న కథే అది. హైమవతి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. జగ్గారావు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

శేషకుమారి గొంతు ఎప్పటిలాగే ఉంది. కావిడి మోసేవాడి అడుగులా ఒక లయ, అవసరమైన చోట ఒక నిలుపు. రెండు పేజీలు గడిచాయి. మేదిని కాళ్ళు ముడుచుకుంది. తర్వాత పిడికిళ్ళు బిగించింది. మూడో పేజీలో లేచి కూర్చుని చెవులు మూసుకుంది.

"అత్తా, ఆపవా. నువ్వు నీలాగ చదవట్లేదు."

శేషకుమారి పుస్తకంలో వేలు పెట్టి అలాగే చూసింది. "మరి ఎవరిలాగ చదువుతున్నానమ్మా?"

"తెలీదు. ఇయర్‌ఫోన్‌లో నువ్వు బాగా చదువుతావు. ఇది ఎవరో నీ గొంతు పెట్టుకుని చదువుతున్నట్టుంది."

పిల్ల అబద్ధం ఆడలేదు. కావాలని నొప్పించనూ లేదు. శేషకుమారి పుస్తకం మూసి, చాప చుట్టి గోడకు ఆనించింది. టీ తాగి వెళ్ళమంటే బస్సు పోతుందంది. జగ్గారావు ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు దాకా స్కూటర్ మీద దింపాడు. మర్నాడు సంస్థకు ఆమె దగ్గర నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆరోగ్యం బాగుండటం లేదని, ఇక చదవలేనని. ఆమె మళ్ళీ చదవాల్సిన అవసరం సంస్థకు కూడా లేదు. ఆమె గొంతు వాళ్ళ దగ్గర ఆరువందల గంటలు ఉంది.

హైమవతి నలభైమంది పిల్లల్నీ ఒక్కొక్కరిగా పిలిపించింది. ఇయర్‌ఫోను పెట్టి, మామూలుగా ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఆ కండరం ఏం చేస్తోందో కొలిచింది. ముప్ఫై ఒక్కమందిలో ఒకటే కనిపించింది. కోరిన క్షణానికి మాట రాకపోయేసరికి కండరం పెద్ద చప్పుడుకు బిగుసుకున్నట్టు బిగుసుకుంటోంది. చెవి సగం మూసుకుపోతోంది. మనిషి గొంతు ఆ పిల్లలకు గోడ అవతల జరిగే గొడవలా వినిపిస్తోంది. పెద్దవాళ్ళలో ఇది తక్కువ. వాళ్ళు ముందు చాలా ఏళ్ళు మనుషుల మాటలు విన్నారు.

ఆమె ఇరవై పేజీల నివేదిక రాసి పట్నాయక్ గదికి తీసుకెళ్ళింది. పట్నాయక్ చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మంచి పుస్తకాలు చదివేవాడు, అటెండరును కూడా మీరు అనేవాడు. నివేదిక మొత్తం ఆమె ఎదురుగానే చదివాడు.

"వినికిడి లోపం ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్. వినికిడి బాగానే ఉంది. వినడం పోయింది."

పిల్లలతో పరీక్ష ఆపేద్దామన్నాడు పట్నాయక్ ముందు. ఆమెకు ఊపిరి వచ్చింది. తర్వాత, ఆపేస్తే తగ్గుతుందని తెలుసా అని అడిగాడు. తెలియదని ఒప్పుకుంది. అయితే ఇంట్లో ఆపి చూడమన్నాడు.

హైమవతి ఆ రోజే మేదిని దగ్గర ఇయర్‌ఫోను తీసేసుకుంది. నలభై రోజులు ఇవ్వలేదు. మొదటి వారం పిల్ల బతిమాలింది. రెండో వారం వస్తువులు విసిరేసింది. మూడో వారం నుంచి అరవడం కూడా మానేసి, ఫ్యాను చప్పుడు కింద పడుకుని ఉండేది. ఫ్యాను ఆగకూడని చోట ఆగదు. స్కూలు మానేసింది. ఆ పిల్లకు ఏదన్నా చెప్పాలంటే కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చేది. జగ్గారావు ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. కూతురు ఉన్న గదిలోకి వెళ్ళేముందు నోరు గట్టిగా మూసుకుని వెళ్ళేవాడు. ఒక సాయంత్రం హైమవతి వెనకవైపు దొడ్లోకి వెళ్ళేసరికి అతను పక్కింటివాళ్ళ కుక్క ముందు గొంతుక్కూర్చుని, దాని చెవులు నిమురుతూ, ఆ రోజు ఆసుపత్రికి వచ్చిన గుర్రం సంగతి పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.

నలభై ఒకటో రోజు మేదిని చెవి కండరాన్ని మళ్ళీ కొలిచింది. ఏమీ మారలేదు.

పట్నాయక్ పిలిచి కూర్చోమన్నాడు. ఆ నలభై రోజులూ అతనూ ఊరికే లేడు. పుస్తకం చదివే గొంతును మార్చగలిగినప్పుడు ఎదురుగా మాట్లాడే మనిషి గొంతును మాత్రం ఎందుకు మార్చలేం అన్నాడు. మనిషి వాక్యం పూర్తిచేసేదాకా పరికరం ఆగుతుంది, ఆ తర్వాత ఆ మనిషి గొంతుతోనే, వినేవాళ్ళ చెవి కోరినట్టు చెబుతుంది. రెండు మూడు సెకన్లు ఆలస్యం, అంతే. ఎదుటివాళ్ళ అసలు గొంతు చెవిలోకి రాకుండా అడ్డుకుంటుంది. మేదిని స్కూలుకు వెళ్ళచ్చు. టీచరు మాట వినచ్చు.

"మీ ఆయన మాట కూడా," అన్నాడు పట్నాయక్ మెల్లగా. "హైమవతి గారూ, మీ పాపకి మొదటిది ఇస్తాను. మిగతా ముప్ఫైమందికీ ఇద్దాం. కానీ ఆ రిపోర్టు బయటికెళ్తే ఇది తయారు కాదు. మనల్ని మూయించేస్తారు. ఆ పిల్లలు అలాగే ఉండిపోతారు."

అతను ఆమె ముందు పెట్టిన కాగితంలో ఒకే వాక్యం ఉంది. పరికరం వాడిన పిల్లల్లో వినికిడి లోపమేదీ కనిపించలేదని. ఆ వాక్యంలో అబద్ధం లేదు. హైమవతి సంతకం చేసింది. చేస్తున్నప్పుడు ఆమెకు గుర్తొచ్చింది నలభైమంది పిల్లలూ కాదు, ఫ్యాను కింద పడుకున్న ఒక్క పిల్ల. తర్వాత ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తలుచుకుంది. ఏసారీ తన చెయ్యి ఇంకోలా కదిలి ఉండేదని అనిపించలేదు.

జగ్గారావు మొదట ఒప్పుకోలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట తన పిల్ల చెవికి చేరకపోతే ఇక తను మాట్లాడటం ఎందుకన్నాడు. అది చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. హైమవతి వాదించలేదు. కొత్త పరికరం పెట్టుకున్న రోజున మేదిని వంటింట్లోకి వచ్చి ఆమెతో మాట్లాడింది, పక్కింటావిడతో మాట్లాడింది, పాలవాడితో కూడా మాట్లాడింది. సాయంత్రం తండ్రి దగ్గరికి వెళ్ళి అతని ఎదురుగా కూర్చుని, "ఇవాళ ఏమొచ్చాయి నాన్నా ఆసుపత్రికి?" అని అడిగింది.

అతను చాలాసేపు కూతురి మొహం చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. తెగిన కరెంటు తీగ తొక్కిన ఆవు సంగతి. మాటమాటకీ ఆగాడు. హైమవతికి గదిలో వినిపిస్తున్నది ఆ నత్తి. మేదినికి ఒక వాక్యం వెనకగా వినిపిస్తున్నది వేరే ఏదో. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది, సరైన చోట ఊపిరి బిగబట్టింది, ఆవు లేచి నిలబడిందనగానే చప్పట్లు కొట్టింది. జగ్గారావు నవ్వాడు. ఆరునెలల తర్వాత మొదటిసారి. ఆ రాత్రి భార్యతో, పిల్లకు తను ఎలా వినిపిస్తున్నాడో ఒకసారి వినిపించమన్నాడు. హైమవతి వినిపించింది. అతను మొత్తం విన్నాడు. తన గొంతే. తడబాటు లేదు. ఎక్కడ ఆగితే మనసు లాగుతుందో అక్కడ ఆగుతోంది.

"బా... బాగా చెప్తన్నాడు," అన్నాడు, ఇంకొకరి గురించి అన్నట్టు.

ఏడాది గడిచింది. అనుస్వరం ఊరంతా వచ్చింది. పిల్లల కోసమని వేరే చిన్న సైజు కూడా వచ్చింది. మేదిని ఏడో తరగతి మంచి మార్కులతో పాసైంది. శేషకుమారి మళ్ళీ వాళ్ళింటికి రాలేదు. జగ్గారావు నెలకోసారి విజయనగరం వెళ్ళి అక్కను చూసి వచ్చేవాడు. ఆమె ఒకసారి మేదిని గురించి అడిగిందట. రాత్రిపూట అత్త గొంతు వింటూనే పడుకుంటుందని చెబితే, "వింటే మంచిదే," అందట.

ఆషాఢంలో ఒక శుక్రవారం పొద్దున్న ఏడింటికి, శేషకుమారి కింద వాటాలో ఉండేవాళ్ళు ఫోను చేశారు. తెల్లారి మేడమీద బట్టలు తీయడానికి వెళ్ళి, దిగుతూ దిగుతూ మెట్టు మీద కూర్చుందట. కూర్చున్నట్టే ఉందట, ఎంత పిలిచినా పలకలేదట. డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడట.

జగ్గారావు ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హైమవతి అతని మొహం చూసి అడగకుండానే తెలుసుకుంది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. అతను ఏడవలేదు. కారు పిలవమన్నాడు. మేదిని అప్పుడే నిద్రలేచి మంచం మీద కూర్చుని జడ విప్పుకుంటోంది. చెవిలో అనుస్వరం ఉంది. అది లేకుండా ఆ పిల్ల ఇప్పుడు పళ్ళు కూడా తోముకోదు.

తను చెబుతానంది హైమవతి. జగ్గారావు తల అడ్డంగా ఊపాడు. తన అక్క గురించి తనే చెప్పాలన్నాడు. పోనీ, చెవిలోది తీసేసి కాగితం మీద రాసి చూపిద్దామంది ఆమె. అతను ఇలాంటిది కాగితం మీద చెబుతారా అన్నట్టు చూసి, లోపలికి వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అ..." అన్నాడు.

మెడనరాలు తేలాయి. కళ్ళు మూసుకున్నాడు. అంత గట్టిగా అతని గొంతు పట్టేయడం హైమవతి పెళ్ళైన పదమూడేళ్ళలో చూడలేదు. అత్త అన్న మాట బయటికి రావడానికే నిమిషం పట్టింది. పోయింది అన్న మాట మూడుసార్లు సగంలో తెగింది. మెట్టు మీద కూర్చుని, బట్టలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయిందని చెప్పాడు. తనకు ఆమె అక్కే కాదు, నోరు కూడా ఆమేనని చెప్పాడు. ఇకనుంచి తనకు ఎవరూ లేరని చెప్పబోయి, కూతురి చేతులు చూసి ఆ మాట మింగేశాడు. నోటి చివర తడి. గది మధ్యలో ఆ ముక్కలు ముక్కలైన మాటలు పడి ఉన్నట్టు అనిపించింది హైమవతికి. గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది.

మేదిని ఇంకా వింటోంది. రెండు సెకన్లు, మూడు సెకన్లు. ఆమె వంచిన తల కాస్త పైకి లేచింది. పెదవులు తెరుచుకున్నాయి. రెప్పలు బరువుగా వాలాయి. కళ్ళలోంచి రెండు బొట్లు జారి బుగ్గల మీదకు వచ్చాయి. హైమవతికి ఆ కన్నీళ్ళు తెలుసు. ప్రయోగశాల అద్దం వెనక నుంచి వందలసార్లు చూసింది. నవల చివరి పేజీ దగ్గర కార్చే కన్నీళ్ళు అవి. చేత్తో తుడుచుకుంటే అయిపోతాయి, ఆ పూట ఆకలి కూడా బాగా వేస్తుంది.

"మేదినీ," అంది హైమవతి. "అత్త చచ్చిపోయిందే. తెలిసిందా?"

"తెలిసిందమ్మా," అంది పిల్ల. చెవి దగ్గర ఒక వేలు పెట్టుకుని, తండ్రి వైపు ప్రేమగా చూసింది. ఆ ప్రేమ నిజమైనదే.

"నాన్నా, ఎంత బాగా చెప్పావో. ఆ మెట్టు మీద కూర్చున్నది... అది ఇంకొక్కసారి చెప్పవా?"

బయట కారు వచ్చి ఆగి హారను కొట్టింది. హైమవతి ముందుకు వెళ్ళి ఆ చెవిలోది పీకేయాలనుకుంది. జగ్గారావు చెయ్యి ఎత్తి వద్దన్నాడు. అతని మొహంలో కోపం లేదు. పన్నెండేళ్ళ కూతురు తన మాట మళ్ళీ చెప్పమని అడుగుతోంది. అతను పిల్ల చేతులు సరిగ్గా పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ మొదటి అక్షరం దగ్గరే గొంతు మళ్ళీ పట్టేసింది. మేదిని దిండుకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, హాయిగా ఎదురుచూసింది.